రెండో సాక్సు ఎక్కడ తాతా

హార్బిన్
20 సెప్టెంబరు 2008

తాతా,

చేరి వారమైంది. రైలు దిగేసరికే ఇక్కడ ముక్కు ఎర్రబడేంత చలి. ఫోను చేద్దామంటే నీకు వినపడదు. నలభై ఏళ్ళు సాక్సుల మిషన్ల మధ్య కూర్చుని చెవులు వాటికే ఇచ్చేశావు. అందుకని ఈ కాలంలో కూడా పోస్టాఫీసు లైన్లో నిలబడే మనవరాలు యూనివర్సిటీ మొత్తానికి నేనొక్కదాన్నే.

ఒక పని పడింది. సొంతంగా పైకొచ్చిన మనిషి ఒకరి గురించి వ్యాసం రాయమంది మా ప్రొఫెసరమ్మ. క్లాసంతా నా వైపు తిరిగింది. పోయినేడు పేపర్లో వేసిన శతకోటీశ్వరుల పట్టికలో "లౌ ఫుషెంగ్, దాతాంగ్, సాక్సులు" అని ఉంది కదా, అది అందరూ చూశారు. నీకేం, ఇంట్లోనే ఉన్నాడు, అన్నారు. నీ దగ్గర సూటిగా ఒక్క జవాబు రాబట్టడం ఎంత యాతనో వాళ్ళకేం తెలుసు.

కాబట్టి దయచేసి ఇంతే రాయి. ఏ సంవత్సరం మొదలుపెట్టావు, పెట్టుబడి ఏంటి, నీ వ్యాపార సూత్రం ఏంటి. కథలొద్దు.

ఇంకోటి. నువ్వు పెట్టించిన మూటలో ఎర్ర సాక్సు ఒకటే ఉంది. దాని బొటనవేలి దగ్గర మన కొండల్లో కాసే ఫెయ్ కాయలు, వేయించినవి, కుక్కి ఉన్నాయి. కాయలు తిన్నాను. రెండో సాక్సు ఎక్కడ?

నాయనమ్మ మోకాలు ఎలా ఉంది?

లౌ షిన్‌రుయి (నేను ఎంత మొత్తుకున్నా దౌదౌ అనే పిలుస్తావని తెలుసు)


దాతాంగ్
30 సెప్టెంబరు

ఒసే దౌదౌ, మా చిక్కుడు గింజా,

నీ ఉత్తరం మీ నాయనమ్మ లాక్కుని నా చెవిలో గట్టిగా చదివింది. చదివి, ఇది మనవరాలి ఉత్తరమా పన్నులోళ్ళ నోటీసా అంది. మోకాలు బానే ఉంది. నా వెనకాల చీపురు పట్టుకుని రావటానికి ఏ ఇబ్బందీ లేదు.

ఏ ఏడు మొదలెట్టానంటే మా పంది మొదటిసారి ఈనిన ఏడు. నవ్వమాక. ఆ రోజుల్లో సొంతానికి ఏది చేసినా తప్పే. ఒక కోడి ఎక్కువుంటే మీటింగు పెట్టి నిలబెట్టేవోళ్ళు. షాంఘైలో సర్కారు ఫ్యాక్టరీ వాళ్ళు తుక్కులో పడేసిన చేతి మిషను ఒకటి మా మేనమామ బియ్యం బస్తాలో దాచి తెచ్చాడు. దాన్ని పందుల దొడ్లో పెట్టా. పిడి తిప్పితే టకటకా అని ఊరంతా వినపడేది. అందుకని ఒక చేత్తో పిడి తిప్పుతా, ఇంకో చేత్తో పంది తోక మెలేసేవాణ్ణి. అది అరిచిన అరుపులో మిషను చప్పుడు కలిసిపోయేది.

ఓ రోజు మా కమ్యూను పెద్ద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నీ పందికి ఏదో రోగం ఫుషెంగ్, అన్నాడు. చలికి అరుస్తందయ్యా, పాపం కాళ్ళకి సాక్సుల్లేవు, అన్నా. ఆయన నవ్వలేదు. రెండో రోజు వాళ్ళావిడ వచ్చింది. పంది రోగం తగ్గకముందే మా ఆయన కాలికి సరిపోయేది ఒక జత కావాలి, అని మెల్లగా అడిగింది.

కాబట్టి మీ ప్రొఫెసరమ్మకి రాసెయ్యి. పెట్టుబడి, పంది తోక.

ఇక్కడ మాత్రం నవ్వేం లేదు. మీ నాన్న హైతావ్‌కి గువో మింగ్‌దా అని కొత్త స్నేహితుడు దొరికాడు. అద్దకం మిల్లు గువో. నెత్తికి నూనె రాసి దువ్వుతాడు, మాటలకి కూడా అదే నూనె. వాడు బ్యాంకులో పెద్ద అప్పు తీసుకుంటాడంట, మన కంపెనీ పూచీ ఉండాలంట. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మన పాత షెడ్డు పడగొట్టి, మిషన్లు తుక్కుకి తోలి, ఆ జాగాలో ఇరవై అంతస్తుల మేడలు లేపుతారంట. సాక్సుల్లో ఏముంది నాన్నా, కాలం మారింది, అంటాడు మీ నాన్న. వాడి కాళ్ళకేసి చూశా. ఇటలీ సాక్సులు.

ఈ దేశంలో సంతకాలు ఎవడిక్కావాలి. కంపెనీది గుండ్రటి ఎర్ర ముద్ర, నా పేరున్న చిన్న చదరపు ముద్ర, రెండూ పడితేనే కాగితం కాగితం. చదరపుది నా మెళ్ళో తాడుకుంది, స్నానానికి కూడా తియ్యను. గుండ్రటిది ఆఫీసులో ఉంది. అదే నా బెంగ. ఏదో ఒక రోజు నేను కునుకు తీస్తంటే మీ నాన్న నా మెడ మీదకి కాగితం తెచ్చి, ఒక దాని పక్కన ఒకటి గుద్దేస్తాడు.

రెండో ఎర్ర సాక్సు నా దగ్గర భద్రంగా ఉంది. వచ్చి తీసుకో.

ఇట్లు, చెవిటి తాత


హార్బిన్
11 అక్టోబరు

తాతా,

పంది తోక అని రాస్తే ప్రొఫెసరమ్మ ఎర్ర పెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టి వెనక్కిచ్చింది. పెట్టుబడి అంటే డబ్బో భూమో మిషనో అవ్వాలట. మిషను ఉంది కదమ్మా అన్నాను. మరి పంది ఎందుకు రాశావు అంది. అదేదో నువ్వే చెప్పాలి.

మళ్ళీ మూట వచ్చింది. మళ్ళీ ఒకటే సాక్సు, ఈసారి నీలం. మళ్ళీ కాయలు. గదిలో అమ్మాయిలు నన్ను కొంగ అని పిలవడం మొదలుపెట్టారు, ఒంటికాలి మీద నిలబడేదని. ఇక్కడ ఉదయం కిటికీ అద్దం మీద మంచు పేరుకుంటోంది, జత సాక్సులు కావాలి నాకు. శతకోటీశ్వరుడి మనవరాలు బజారుకెళ్ళి సాక్సులు కొనుక్కుంది. పోటీ కంపెనీవి. నీకు తెలియాలనే రాస్తున్నాను.

నాన్న ఫోన్ చేశాడు. మన ఊళ్ళో ఒకరికొకరు పూచీ ఉండటం మామూలే కదా, అందరూ చేస్తారు. మీ తాత ఒక్కడే కాదంటే గువో ముందు నేను తలెత్తుకోలేను, అన్నాడు. అందులో తప్పేముంది తాతా? నువ్వు ఎప్పుడూ నాన్న మాట పూర్తిగా వినవు. చెవులు వినపడవు అని తప్పించుకుంటావు గానీ, నాయనమ్మ వంటింట్లో రైస్ వైన్ సీసా మూత తీస్తే మాత్రం నీకు పెరట్లోకి వినపడుతుంది.

సూత్రం ఏంటో రాయి. ఒక్క వాక్యం.

షిన్‌రుయి


దాతాంగ్
19 అక్టోబరు

కొంగా,

నీకు ఆ పేరు పెట్టిన పిల్లలకి నా తరఫున ఒక్కో సాక్సు.

పోటీ కంపెనీ సాక్సులు కొన్నందుకు మీ నాయనమ్మ పూటంతా నాతో మాట్లాడలేదు. నేనేం చేశానే అంటే, నీ పెంపకం, అంది.

సూత్రం అడిగావు. ఒక్క వాక్యంలో కుదరదు, ఎందుకంటే అందులో మీ నాయనమ్మ ఉంది. ఆవిడ ఒక్క వాక్యంలో ఇమిడే మనిషి కాదు.

కరువేళ్ళు పోయి కాలం కాస్త సడలినాక దొడ్లోంచి బయటకొచ్చా. వెదురు బుట్ట నిండా సాక్సులు పెట్టుకుని హాంగ్‌చౌ రోడ్డు మీద నిలబడేవాణ్ణి. బస్సు ఆగేది కునికిపాటంత సేపు. కిటికీలోకి జత అందిస్తే, డబ్బులు తీసేలోపు బస్సు కదిలేది, జత పోయేది. ముందు డబ్బులడిగితే వాళ్ళు ఇయ్యరు, వీడు పారిపోతే ఎట్టా అని. అప్పుడు నాకు తట్టింది. ముందు ఒక సాక్సు కిటికీలోకి ఇస్తా. ఆమె డబ్బులిస్తది. అప్పుడు రెండోది ఇస్తా. మధ్యలో బస్సు కదిలినా ఎవరూ బాగుపడరు. అందుకని ఇద్దరూ తొందరపడతారు.

ఓసారి పసుపు చొక్కా పిల్ల ఒకతె ఒక సాక్సు అందుకుంది, చిల్లర వెతుకుతోంది, బస్సు కదిలింది. పోనీలే అనుకున్నా. ఎండ బాగా ఎక్కినాక చూస్తే రోడ్డు వెంబడి దుమ్ములో నడిచొస్తా ఉంది. పై ఊళ్ళో దిగి వెనక్కి నడిచొచ్చింది. ఒంటి సాక్సు నా మొహాన కొట్టి, నేనేమన్నా కుంటిదాన్నా, రెండోది ఇస్తావా బుట్ట కాలవలో వెయ్యనా, అంది. రెండోది ఇయ్యకుండా పేరడిగా. షౌ చున్‌జువాన్. అదే మీ నాయనమ్మ. ఆ రెండోది ఇంకా ఇయ్యలేదు. ఇచ్చేస్తే వెళ్ళిపోద్దని భయం.

తర్వాత పైదేశాల వాళ్ళకి నమూనాలు పంపే రోజులొచ్చినయ్. అందరూ జతలు పంపారు. కొనేవాడు తొడుక్కున్నాడు, మర్చిపోయాడు. నేను ఒంటిది పంపా. అది వాడి బల్ల మీద పడుండి చిరాకు పెట్టింది. పారెయ్యలేడు, తొడుక్కోలేడు. ఒసాకా నించి ఒకాయన మనిషినే పంపాడు, రెండోది ఎక్కడయ్యా అని. ఆ మనిషి ఇరవై మిషన్లకి సరిపడా ఆర్డరు పెట్టి పోయాడు. మిషన్లు ఊళ్ళో ఇంటికొకటి పంచా, ఒకరు అల్లారు, ఒకరు కొసలు కుట్టారు, ఇంకొకరు రంగేశారు. అట్టా పెరిగింది. కాబట్టి రాసుకో. మనిషికి చిరాకు పుట్టించు, వాడే నడుచుకుంటా వస్తాడు.

ఇక్కడ విడ్డూరం. ఆఫీసులో గుండ్రటి ముద్ర కనపట్టం లేదంట. మీ నాన్న బీరువాలు తిరగేశాడు, గుమాస్తాల జేబులు తిరగేశాడు, చివరికి నా పరుపు తిరగేశాడు. నేను టీ తాగుతా చూస్తన్నా.

మొన్న పంపిన బూడిద రంగు ఉన్ని సాక్సు అందిందా? అది కాస్త బరువుగా ఉంటది. తొడుక్కోమాక. ఎవరికీ ఇయ్యమాక. అంతకంటే రాయను. ఈ కవరు పోస్టు చేసేది మీ నాన్న గుమాస్తా, వాడి ముక్కు పొడుగు.

తాత


హార్బిన్
30 అక్టోబరు

తాతా,

కోపంగా ఉన్నాను, ముందే చెప్తున్నాను.

నాన్న వారంగా రోజూ ఫోన్ చేస్తున్నాడు. ముద్ర నువ్వే దాచావని అందరికీ తెలుసు. పోయిందని పోలీసులకి రాసిస్తే కొత్తది చేయించుకోవచ్చట, కానీ కంపెనీ నీ పేరు మీద ఉంది కాబట్టి నువ్వే రాసివ్వాలట. నువ్వేమో, పోలేదుగా, పోయిందని అబద్ధం ఎట్టా రాస్తాను, అన్నావట. మరి ఎక్కడుందో చెప్పు అంటే నాకు వినపడదు అన్నావట. మూడువందల మంది పని చేసే చోట ఇదేం ఆట? నెలాఖరు జీతాల మాటేంటి?

నాన్న ఇప్పుడు నిన్ను హాంగ్‌చౌలో మెదడు డాక్టరుకి చూపిస్తానంటున్నాడు. మతిమరుపని డాక్టరు రాసిస్తే చాలట, కంపెనీ నాన్న పేరు మీదకి మారుతుంది, కొత్త ముద్రలు వస్తాయి, గువో కాగితం మీద పడతాయి. నాకు భయంగా ఉంది. నీకు నిజంగానే ఏమైనా అయిందేమో అని కూడా అనిపిస్తోంది. బుద్ధున్న మనిషి ఎవరైనా మనవరాలికి ఒంటి సాక్సులు పంపుతూ కూర్చుంటాడా?

సాక్సుల సంగతి కూడా తేల్చేస్తున్నాను. మా హాస్టల్ గేటు దగ్గర తోంగ్ బాబాయి అని సైకిళ్ళు బాగుచేసే ఆయన ఉన్నాడు. అడవిలో దుంగ మీద పడి ఒక కాలు పోయింది. ఒంటి సాక్సులు లోకంలో ఎవరికైనా పనికొస్తాయంటే ఆయనకే. ఎర్రది, నీలం, బూడిదది, మూడూ ఇచ్చేశాను. బూడిదదాంట్లో కాయలు గట్టిగా కుక్కి కుట్టేసి ఉన్నాయి, నాకు ఆ కాయలు చూస్తేనే వెగటు పుట్టి విప్పను కూడా లేదు. కాయలతో సహా ఇచ్చాను. ఆయన ఎంత సంతోషపడ్డాడో. నువ్వు "ఎవరికీ ఇయ్యమాక" అన్న ఉత్తరం ఆ తర్వాత రెండు రోజులకి వచ్చింది. సాక్సు మీద ఇంత మమకారం ఏంటి తాతా?

షిన్‌రుయి


దాతాంగ్
7 నవంబరు

ఒసే, ఒసే, ఒసే,

ఈ ఉత్తరం నేనే నడిచెళ్ళి పోస్టు చేస్తన్నా, కాబట్టి అంతా రాస్తన్నా. నీ తలకాయలో ఉన్నది మెదడా ఫెయ్ తొక్కలా?

బూడిద సాక్సులో ఉన్నది కాయలు కాదు. కంపెనీ ముద్ర. ఇంట్లో ఎక్కడ దాచినా మీ నాన్న పట్టుకుంటాడని ఊలు చుట్టి, సాక్సులో సాక్సు పెట్టి, కొస నేనే కుట్టి పంపా. హైతావ్ దేశమంతా వెతికినా నీ సాక్సులో చెయ్యి పెట్టడనుకున్నా. నువ్వు దాన్ని ఒంటికాలు సైకిలాయనకి దానం చేశావు. నలభై ఏళ్ళ కంపెనీ మంచులో పంక్చర్ల డబ్బాలో పడుంది. దాని మీద ఏ దొంగ చెయ్యి పడ్డా, నా చదరపుదానికి నకలు చెక్కించటం ఎంతసేపు, మన షెడ్డూ మిషన్లూ గోవింద. పరిగెత్తు.

జీతాలడిగావు. అసలు నేను నీకెట్టా కనపడతన్నానే? జనవరి చివర వచ్చే మన కొత్తేడు పండగ దాకా జీతాల కాగితాలన్నీ ముందే గుద్ది, లెక్కల ఆవిడకి ఇచ్చినాకే ముద్ర మూట కట్టా. నా గొడవ నా కొడుకుతో, పనోళ్ళ అన్నంతో కాదు.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఈ రోజు ఏ వారం అన్నాడు, చెప్పా. వెనకనించి లెక్కపెట్టమన్నాడు, పెట్టా. మీ నాన్నని చూపించి, ఈయనెవరో గుర్తుపట్టగలరా, అన్నాడు. నలభై అయిదేళ్ళ నించి నేనూ అదే ఆలోచిస్తన్నానయ్యా, అన్నా. డాక్టరు నవ్వాడు. మీ నాన్న బయటికెళ్ళి సిగరెట్టు కాల్చుకున్నాడు. మెదడులో ఏ లోపమూ లేదు, నోటికే వైద్యం లేదు, అని డాక్టరు వాడికి చెప్పి పంపేశాడంట. వచ్చేటప్పుడు కారు వాడే నడిపాడు, నేను వెనక కూర్చున్నా. వాడి చెవుల పైన తెల్లబడిందే దౌదౌ. ఎప్పుడు తెల్లబడిందో చూళ్ళేదు.

సరే అదట్టా ఉంచు. నువ్వు ఇంకా చదువుతన్నావా? పరిగెత్తమన్నానా లేదా?

నీ మతిపోని తాత


హార్బిన్
18 నవంబరు

తాతా,

ముద్ర దొరికింది. నా కుడి సాక్సులోనే ఉంది ఇప్పుడు, చీలమండ దగ్గర. నడిస్తే గుచ్చుకుంటోంది. నీ మీద కోపం మర్చిపోకుండా ఉండటానికి బాగా పనికొస్తోంది.

ఎలా దొరికిందో వింటే నువ్వు నవ్వుతావు, అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. తోంగ్ బాబాయి కాయల కోసం కొస విప్పాడు. గుండ్రటి ముద్ర, లోపల సిరా, చుట్టూ పెద్ద పెద్ద అక్షరాలు, మధ్యలో నక్షత్రం. ఎవరో దేవుడు పంపాడనుకున్నాడట. అట్ట ముక్కలు కత్తిరించి, "పండగలోపు ఇదే చోట పంక్చరైతే ఉచితం" అని రాసి, ప్రతి సైకిలుకీ ఒకటి ఇస్తున్నాడు. కింద మన ముద్ర. జెజియాంగ్ లౌ ఫుషెంగ్ సాక్సుల కంపెనీ లిమిటెడ్. తాతా, గువో అప్పుకి పూచీ ఉండనన్న మన కంపెనీ హార్బిన్‌లో సగం యూనివర్సిటీ టైర్లకి పూచీ ఉంది.

ఇవ్వమంటే ఇవ్వడు. సాక్సు నువ్వే ఇచ్చావు, లోపలున్నదీ నువ్వే ఇచ్చినట్టు, కాయలిచ్చినప్పుడు తొక్కలు వెనక్కి అడిగావా, అన్నాడు. అది కంపెనీ ముద్ర బాబాయ్, మా తాతకి పనులాగిపోయాయి, అన్నాను. నాకైతే పనులు పెరిగాయి, ముందు నా మాట ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఇప్పుడు లైను కడుతున్నారు, అన్నాడు. చేతులు గడ్డకట్టేదాకా అక్కడే నిలబడి బతిమాలాను. చివరికి రెండు షరతుల మీద ఇచ్చాడు. ఇంతవరకు ఇచ్చిన అట్టలకి కంపెనీ మాట తప్పకూడదు. ఏటా చలికాలానికి ఆయనకి ఒంటి సాక్సులు పంపాలి, ఉన్నివి. ఒప్పుకున్నాను. నీ పేరు మీద ఒప్పుకున్నాను, మాట పోతే పోయేది నీదే.

ఇక నాన్న రాత్రీ పగలూ ఫోన్ చేస్తున్నాడు. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఏం చెప్పను? నాన్నకి ఇచ్చేయాలా, నీకు పంపాలా? మీ ఇద్దరి మధ్య నన్ను సాక్సులాగా ఎందుకు లాగుతున్నారు?

వ్యాసం ఇచ్చేశాను. మార్కులు సగమే. "సూత్రం ఏదీ కనిపించలేదు" అని రాసింది.

షిన్‌రుయి


దాతాంగ్
29 నవంబరు

దౌదౌ,

మీ నాయనమ్మ పంక్చర్ల సంగతి చదువుతా చదువుతా కుర్చీలోంచి జారింది. మోకాలికేం కాలేదు. తోంగ్ పెద్దాయనకి పెట్టెడు ఒంటి సాక్సులు రేపే బయల్దేరతాయి. అతుకేసింది ఆయన, ఊడితే వేసేదీ ఆయనే. అటువంటి పూచీ మీద ముద్ర పడితే నాకేం నామోషీ లేదు.

ఇప్పుడు ఇక్కడి సంగతి. గువో మింగ్‌దా మాయమైపోయాడు. సోమవారం పొద్దున మిల్లు గేటుకి తాళం. పైదేశాల ఆర్డర్లు ఎండిపోయినయ్, బ్యాంకు అప్పు తిరగరాయలేదు, వాడు భార్యనీ పిల్లల్నీ కారెక్కించుకుని పోయాడు. వాడికి పూచీ ఉన్నోళ్ళందరి గేట్ల మీద కోర్టు కాగితాలు అతికిస్తన్నారు. తుంగ్‌చౌ రోడ్డులో రిబ్బన్ల మిల్లాయన, ఎప్పుడూ గట్టిగా నవ్వేవాడు చూడు, ఆయన గేటు మీద కూడా. వాళ్ళు ఒకళ్ళకి ఒకళ్ళు, ఆ ఒకళ్ళకి ఇంకొకళ్ళు ముద్రలు గుద్దుకున్నారు. ఇప్పుడు ఒక పోగు లాగితే అల్లికంతా ఊడొస్తంది.

ఊళ్ళో నన్ను చూసి, లౌ ముసలాయన వాసన పట్టాడు, అంటన్నారు. నేను కాదనలేదు, టీ ఎవరు పోయించినా తాగుతన్నా. నీకు మాత్రం నిజం చెప్తా. వాసనా లేదు, ఏం లేదు. మిషన్లు తుక్కుకి తోలతానన్నాడని ఒళ్ళు మండింది, అంతే.

మీ నాన్న నిన్న సాయంత్రం పాత షెడ్డుకొచ్చాడు. మిషన్లు ఆపి ఉన్నయ్. నా ఎదురుగా కొసలు కుట్టే బల్ల మీద కూర్చున్నాడు. నేను ఎన్ని ఎగతాళి మాటలు పోగేసి ఉంచానో తెలుసా. ఒకటి ఎత్తుకోబోతంటే వాడే నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

"నువ్వు చెప్పుంటే వినేవాణ్ణి నాన్నా. దాచావు. నాకు నలభై అయిదేళ్ళొచ్చినా నువ్వు నాకు చెప్పవు, దాస్తావు."

మామూలుగా అయితే వినపడలేదనేవాణ్ణి. వినపడింది.

వాడు లేచి వెళ్ళిపోయాడు. మీ నాయనమ్మ అంతా షెడ్డు గోడకి అవతల వంటింట్లోంచి వింది. రాత్రి నా అన్నం గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు నాక్కూడా వినపడింది.

ఇంకో సంగతి, రష్యా వాళ్ళ ఆర్డరు ఒకటుంది, పెద్దది. మీ నాన్నే తిరిగి తిరిగి తెచ్చాడు, గువో గొడవకి ముందే. పండగలోపు కాగితం మీద ముద్ర పడాలి. లేకపోతే అది పక్క ఊరికి పోద్ది. పోస్టులో పంపమాక, చేత్తో పట్టుకురా. వచ్చి నాకియ్యి.

తాత


హార్బిన్
16 డిసెంబరు

తాతా,

"వచ్చి నాకియ్యి" అన్నావు. నాన్న కూడా నిన్న ఫోన్లో అదే మాట అన్నాడు, అక్షరం తేడా లేకుండా. మీ ఇద్దరికీ పోలిక లేదని ఊరంతా అంటుంది. ఉంది.

ఇవ్వను. ఎవరికీ.

బాగా ఆలోచించే రాస్తున్నాను. గుండ్రటిది నా దగ్గరుంటుంది. చదరపుది నీ మెళ్ళో ఉంటుంది. ఏ కాగితమైనా సరే, నువ్వూ నేనూ నాన్నా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ముగ్గురం గట్టిగా చదివాకే రెండూ పడతాయి. నీకు వినపడేంత గట్టిగా. నువ్వు మధ్యలో లేచి పంది కథ చెప్పకూడదు. నాన్న మధ్యలో లేచి సిగరెట్టుకి వెళ్ళకూడదు. షెడ్డు పడగొట్టే కాగితం తెస్తే నేను గుద్దను, అది నాన్నకి ఫోన్లోనే చెప్పాను. నువ్వు అచ్చం మీ నాయనమ్మలా ఉన్నావు, అని పెట్టేశాడు. తిట్టాడో పొగిడాడో తెలియలేదు.

నీకూ ఒకటుంది. రష్యా ఆర్డరు నాన్న తెచ్చాడని నీ ఉత్తరంలో చివర్న, ఇంకో సంగతి అంటూ రాశావు. అది మొదట రాయాల్సింది. నేను వచ్చేలోపు ఆ మాట నాన్నకి నువ్వే చెప్పు. దాచకు.

చదువు ఆపను, వేసవికి పూర్తవుతుంది. ఆ తర్వాత షెడ్డుకి వస్తాను. ముందు కొసలు కుట్టడం నేర్పించు, ఎందుకంటే నువ్వు కుట్టిన కొస తోంగ్ బాబాయి పళ్ళతో విప్పేశాడు.

పండగ ముందు వారం వస్తాను. బస్సులో. కారు పంపొద్దని నాన్నకి చెప్పాను.

ముద్ర చీలమండ దగ్గరే ఉంది. రుద్దుకుని అక్కడ చర్మం కాయ కాసింది.

నీ మనవరాలు


దాతాంగ్
3 జనవరి 2009

లౌ షిన్‌రుయి గారికి,

చూశావా, పూర్తి పేరు రాశా. మీ నాయనమ్మ పక్కన నిలబడి రాయించింది.

నీ ఉత్తరం ఆవిడ రెండుసార్లు చదివింది. మొదటిసారి నాకోసం, రెండోసారి తనకోసం. చదివి, మడిచి, తన మేలైన కోటు జేబులో పెట్టుకుంది, నాకు తిరిగియ్యలేదు. ఇక నీతో వాదించటానికి నా దగ్గర కాగితమేం లేదు, నువ్వు చెప్పినట్టు నడుచుకోవాల్సిందే.

నీ షరతులు మా వయసోళ్ళకి చానా అన్యాయం. పంది కథ చెప్పకుండా కాగితం మీద ముద్ర ఎట్టా పడతది? సరే. ఒప్పుకుంటన్నా. విసుగ్గానే ఒప్పుకుంటన్నా, అది కూడా రాసుకో.

మీ నాన్నకి చెప్పా. నువ్వన్నావని కాదు. వాడు నూడిల్స్ తింటుంటే పక్కన కూర్చుని చెప్పా. రష్యా ఆర్డరు మంచిది, నేనైతే తేలేకపోయేవాణ్ణి, అన్నా. వాడు గిన్నెలోంచి తల ఎత్తలేదు. మళ్ళీ చెప్పు, అన్నాడు. ఏరా నీక్కూడా చెవుడొచ్చిందా, అన్నా. రాలేదు, మళ్ళీ చెప్పు, అన్నాడు. మళ్ళీ చెప్పా. ఆ గిన్నె ఖాళీ చేసి ఇంకోటి పెట్టించుకున్నాడు.

నిన్న షెడ్డులో కొసలు కుట్టే బల్ల తుడిపించి మూడు కుర్చీలు వేయించాడు. నేను చూడనట్టు ఉన్నా.

జతలు రెండు నీ మంచం మీద పెట్టించా, ఎర్రదీ నీలందీ. తోంగ్ దగ్గరున్నవి కాదులే, కొత్తగా అల్లించినయ్. ఇకనించి నీకు ఒంటిది పంపితే నా చెయ్యి విరగ్గొడతానంది మీ నాయనమ్మ. తనకి రావాల్సిన రెండో సాక్సు కూడా ఇన్నేళ్ళకి గుర్తొచ్చి అడుగుతోంది. లేదన్నా. ఉంది. ఇంకా భయమే నాకు.

బస్సు ఎప్పుడొస్తదో రాయి. హాంగ్‌చౌ రోడ్డు మీద నిలబడి ఉంటా. అక్కడ నిలబడి, కోపంగా నడిచొచ్చే ఆడపిల్ల కోసం చూడటం నాకు కొత్తేం కాదు. కాకపోతే అప్పుడు రెండోది నా చేతిలో ఉండేది. ఇప్పుడు రెండోదంటే ఆ ముద్ర, అది నీ కాలికుంది. నలభై ఏళ్ళు ఊరందరికీ చిరాకు పుట్టించిన ముసలోణ్ణి తీసుకొచ్చి రోడ్డు మీద నిలబెట్టావు. మీ ప్రొఫెసరమ్మకి చెప్పు, మిగతా సగం మార్కులు కూడా వెయ్యమని.

తొందరగా రా. చలిగా ఉంది, నాకు నిలబడే ఓపిక లేదు.

నీ తాత, ఫుషెంగ్